రొమ్ముల బరువు తగ్గించే శస్త్రచికిత్స: ముందుగా తెలుసుకోవలసిన సంగతులు



కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బడిలో చదివింది తమిళం, ఆసుపత్రిలో డాక్టరుగారితో మాట్లాడేదీ తమిళమే. కానీ ఒంటికి సంబంధించిన కొన్ని బాధలు అమ్మతోనో, అక్కతోనో ఇంటిమాటలో చెప్పుకునేవి. అక్కడ కూడా నోట రానిది ఒకటుంది. అది రొమ్ములు మరీ బరువుగా ఉండడం వల్ల కలిగే బాధ. ఆ బరువు తగ్గించే శస్త్రచికిత్సలో ఏమి జరుగుతుందో, దాని నుంచి ఏమి ఆశించవచ్చో, ఏమి ఆశించకూడదో ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

అగ్గిపెట్టెల పనికి వెళ్ళే ఆడవాళ్ళు గంటల తరబడి ముందుకు వంగి కూర్చుంటారు. పుల్లలు చట్రాల్లో పేర్చాలన్నా, పెట్టెల్లో నింపాలన్నా మెడ వంచవలసిందే. పత్తి ఏరేవారికీ, మిరపచేలో కలుపు తీసేవారికీ నడుము వంచక తప్పదు. రొమ్ముల బరువు ఎక్కువైనవారికి ఈ పనులతో మెడ, భుజాలు, వీపు పైభాగం విపరీతంగా లాగుతాయి. బాడీ పట్టీలు భుజాల మీద గాడి పడేలా నొక్కుకుంటాయి. ఎండాకాలంలో రొమ్ముల అడుగున చెమట నిలిచి, చర్మం ఒరిసి పుండవుతుంది. ఇంత బాధ ఉన్నా, చికిత్స మాట ఎత్తితే "ఈ సోకు నీకెందుకు?" అనేవారుంటారు. వరిబీజానికి ఆపరేషన్ చేయించుకున్న మగవాణ్ణి ఎవరైనా అలా అడుగుతారా? ఇదీ అంతే. బరువు మోయలేని మనిషికి బరువు దించడం సోకు కాదు.

అయితే తొందరపడి నిర్ణయించుకోకూడదు. మొదట పరీక్ష చేయించుకోవాలి. మెడనొప్పి వెన్నుపూసల వల్ల కూడా రావచ్చు. రొమ్ములో గడ్డ ఉంటే అది ఏమిటో ముందు తేల్చాలి. నలభై దాటినవారికి సాధారణంగా మామోగ్రామ్ తీయిస్తారు. ఒళ్ళు తగ్గితే కొందరికి రొమ్ముల బరువూ తగ్గుతుంది. కానీ రొమ్ములో కొవ్వుతో పాటు పాలగ్రంథులూ ఉంటాయి కనుక అందరికీ అలా తగ్గదు. రక్తహీనత, చక్కెర జబ్బు ఉంటే ముందుగా అదుపులోకి తెచ్చుకోవాలి. ఆకువక్కతో పొగాకు నమిలే అలవాటున్నవారు కొన్ని వారాల ముందే మానాలి. పొగాకు రక్తనాళాలను కుదించి, గాయం మానకుండా చేస్తుంది. బిడ్డకు పాలు మాన్పించాక కొన్ని నెలలు ఆగాలి. ఇంకా బిడ్డలు కావాలనుకునేవారు ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పాలి.

దీనిని చేసేది ప్లాస్టిక్ సర్జన్. మదురై ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. విరుదునగర్‌లో 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైంది. అక్కడ చూపించుకుని ఎక్కడికి వెళ్ళాలో అడగవచ్చు. 2018లో చెన్నైలోని స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో రొమ్ము శస్త్రచికిత్సలకు ఉచిత క్లినిక్ మొదలైనప్పుడు, పేదలకు ఇటువంటి చికిత్స అవసరమా అన్న చర్చ లేచింది. వీపునొప్పికి పేద, ధనిక భేదం లేదు కదా! మీకు ప్రభుత్వ బీమా కార్డు ఉంటే, ఈ చికిత్సకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోనే ముందుగా కనుక్కోండి.

ఇక శస్త్రచికిత్స సంగతి. ముందుగా మిమ్మల్ని నిలబెట్టిగానీ కూర్చోబెట్టిగానీ ఎక్కడ కోయాలో కలంతో గీతలు గీస్తారు. తరువాత పూర్తి మత్తు ఇస్తారు. సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. చాలామందికి చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం పక్కగా, అక్కడినుంచి కిందికి, రొమ్ము అడుగు మడత వెంట కోస్తారు. చూడడానికి ఓడ లంగరులా ఉంటుంది. అదనపు కొవ్వు, గ్రంథి, చర్మం తీసివేసి, చనుమొనను దాని రక్తప్రసారం తెగకుండా పైకి జరిపి కుడతారు. తీసిన కండను పరీక్షకు పంపుతారు.

ఆసుపత్రిలో ఒకటి రెండు రోజులు ఉండవలసి రావచ్చు. లోపలి నీరు బయటికి రావడానికి సన్నని గొట్టాలు పెట్టవచ్చు. వాపు, నొప్పి మొదటి వారంలో ఎక్కువ. పట్టుగా ఉండే బ్రా కొన్ని వారాలపాటు రాత్రింబవళ్ళు వేసుకోవాలి. తేలికపాటి పనులు రెండు మూడు వారాలకు మొదలుపెట్టవచ్చు. కానీ నీళ్ళబిందె, చంటిబిడ్డ, బియ్యపు మూట సుమారు ఆరు వారాలపాటు ఎత్తకూడదు. నీళ్ళు ఎవరు తెస్తారు, వంట ఎవరు చేస్తారు, కూలి పోతే ఇల్లు ఎలా గడుస్తుంది అన్నవి ముందే భర్తతో, అత్తగారితో మాట్లాడుకోవాలి. ఈ ఏర్పాటు లేకుండా ఆపరేషన్ చేయించుకుంటే గాయం మానడం కష్టం.

మచ్చలు పోవు. మొదట్లో ఎర్రగా, గట్టిగా ఉండి, ఏడాదికి పైగా పట్టి పాలిపోతాయి. చెవి కుట్టినచోట గడ్డలా లేచిన చర్మం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. చనుమొనల్లో స్పర్శ తగ్గవచ్చు. తరువాత పుట్టే బిడ్డకు పాలు చాలకపోవచ్చు. రెండు రొమ్ములూ అచ్చంగా సమానంగా రాకపోవచ్చు. కుట్లు కలిసేచోట చిన్న గాయం ఆలస్యంగా మానవచ్చు. అరుదుగా చనుమొనకు రక్తం అందక అది పాడవుతుంది. ఒళ్ళు పెరిగినా, గర్భం వచ్చినా రొమ్ములు మళ్ళీ పెరగవచ్చు. ఆపరేషన్ అయినా రొమ్ము క్యాన్సర్ పరీక్షలు మానకూడదు.

జ్వరం వచ్చినా, ఒక వైపు ఉన్నట్టుండి వాచినా, చీము కారినా, చనుమొన నల్లబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు.

ఇన్ని చిక్కులు చెప్పింది భయపెట్టడానికి కాదు. ఈ శస్త్రచికిత్స చేయించుకున్న వారిలో చాలామందికి మెడ, భుజాల నొప్పి తగ్గి, నిటారుగా కూర్చోవడం సుఖంగా ఉంటుంది. ఆ లాభాన్ని ఒక వైపు, మచ్చను, పాల విషయాన్ని మరో వైపు పెట్టి తూచుకోవాలి. తూచవలసింది ఆ బరువు మోసే మనిషే. ఇంటివారు చేయవలసింది ఆమె మాట వినడం, ఆమె వెంట ఆసుపత్రికి వెళ్ళడం. డాక్టరుగారు చెప్పింది అర్థం కాకపోతే, అర్థమయ్యేదాకా అడగండి. అది మీ హక్కు.