ధైర్యం చెప్పేవారికి ధైర్యం ఎవరు చెప్పాలి?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ వేదికపై విద్యార్థి వేతనాల గురించి, బీద పిల్లల పెళ్లిళ్ల గురించి, ఖబరస్తాన్ ప్రహరీ గోడ గురించి మాట్లాడుకుంటున్నాము. ఈసారి పెద్దలు మాకు వేరొక విషయం అప్పగించారు. ఆపద వచ్చినప్పుడు ఇతరుల మనసును ఓదార్చేవారు కొందరుంటారు. ఆసుపత్రిలో కౌన్సిలర్లు, మానసిక వైద్య విభాగంలో నర్సులు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు, టెలిఫోనులో ఎదుటివారి కష్టం వినేవారు, మన జమాత్‌లో జనాజా పనులు చూసే కుర్రవాళ్లు. వీరి మనసు సంగతి ఎవరు చూడాలి? గోడ కంటే ఇది చిన్న విషయమని మేము అనుకోవడం లేదు.

మన ప్రాంతానికి ఆపదలు కొత్త గావు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ఊడ్చిపెట్టింది. కృష్ణకు ఇవతల మన రేపల్లె, బాపట్ల తీరం కూడా దెబ్బతిన్నది. మొత్తం మీద కనీసం 10,000 మంది పోయారని లెక్క. అది మేము పుట్టకముందు మాట. పెద్దలు చెప్పగా విన్నాము. నీళ్లు తీసిన తరువాత శవాలను వెదికి, మోసి, మట్టి చేసినవారు ఉన్నారు. బియ్యం ఎంత పంచారో, బట్టలు ఎన్ని పంచారో ఆనాటి పెద్దలు వరుసగా చెబుతారు. ఆ శవాలు మోసినవారికి తరువాత నిద్ర పట్టిందా అని అడిగినట్లు మాత్రం ఎవరూ చెప్పగా వినలేదు.

వారిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ రోజుల్లో బాధితుల మనసు గురించే ఆలోచన తక్కువ. 1984లో భోపాల్ గ్యాసు ప్రమాదం జరిగాక అక్కడి మామూలు డాక్టర్లకు మానసిక బాధలను గుర్తించడంలో శిక్షణ ఇచ్చారు. 2004 డిసెంబరు సునామీ తరువాత బెంగుళూరు నిమ్హాన్స్ వారు స్థానిక కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చారు. ఇక ఓదార్చేవారి మనసు వంతు రావడానికి ఇంకా ఆలస్యమైంది.

2020, 2021 సంవత్సరాలు మీకు గుర్తు చేయనక్కరలేదు. కరోనా రోజుల్లో సొంత బిడ్డలే దగ్గరకు రావడానికి భయపడిన ఇళ్లున్నాయి. చాలాచోట్ల గుసల్ ఇవ్వడానికే వీలు లేకపోయింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన శరీరాన్ని, ముఖం కూడా చూపించకుండా ఖబర్‌లోకి దించవలసి వచ్చింది. ఆ పని చేసిన కుర్రవాళ్లు నలుగురో, ఐదుగురో. ఎక్కడ చూసినా వాళ్లే. ఒంటి నిండా ఆ కిట్టు తొడుక్కొని, లోపల చెమటకు తడిసి, ఒక ఖబరస్తాన్ నుండి ఇంకొకదానికి పోయేవారు. బయటికి రాగానే చనిపోయినవారి అన్నో, కొడుకో ఫోను చేసి, "భాయ్, అబ్బాజాన్ ముఖం ఎట్లా ఉంది?" అని అడిగేవారు. చూడని ముఖం గురించి ఏం చెబుతారు? అయినా ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలి. మట్టి మోయడం కంటే ఆ జవాబు బరువెక్కువ అని వారిలో ఒకరు మాతో అన్నారు.

జనాజా మనకు ఫర్జె కిఫాయా. కొందరు నెరవేరిస్తే అందరి మీదా బాధ్యత తొలగుతుంది. ఎవరూ చేయకపోతే పాపం అందరిదీ. ఈ మాట మదరసా పిల్లవాడు కూడా చెప్పగలడు. కాని దీనిలో ఇంకొక సంగతి ఉన్నది. ఆ నలుగురు చేసినది వారి ఒక్కరి పని కాదు, మనందరి పని. మన మెడ మీది బరువు వారు మోశారు. అందుచేత వారి మనసు దెబ్బతింటే దానిని నయం చేయించడం దయ కాదు, దానం కాదు. మనం వారికి పడిన బాకీ. శాలువా కప్పి ఫోటో తీయించి ఆ బాకీ తీరిందనుకుంటున్నాము. శాలువాలు మంచివే, చలికాలంలో పనికి వస్తాయి.

దెబ్బ తగిలిందని ఎట్లా తెలుస్తుంది? జ్వరం మాదిరి కొలిచే సాధనం దీనికి లేదు. నిద్ర పట్టదు, పట్టినా ఉలిక్కిపడి లేస్తారు. చిన్న మాటకు విసుగు. అన్నం సహించదు. కొందరు దీనికి పూర్తిగా ఎదురు, పని మానలేరు, విశ్రాంతి అంటే తప్పు చేసినట్లు బాధపడతారు. మా ఉర్దూ బడిలో ఒక పాపకు తల్లి ఆశా కార్యకర్త. "అమ్మ బయట అందరితో మాట్లాడుతుంది సార్, ఇంటికొస్తే మాతో మాట్లాడదు" అన్నది ఆ పాప. దినమంతా ఇంటింటికీ తిరిగి జ్వరాల లెక్క రాసి, కొన్నిచోట్ల తలుపు మొహం మీద వేయించుకొని వచ్చిన మనిషికి ఇంట్లో మాట్లాడే శక్తి ఎక్కడిది?

"సబర్ చేయండి, అల్లా ఉన్నాడు" అని సలహా ఇస్తారు మనవాళ్లు. సబర్ గొప్పదే, ఎవరు కాదంటారు? కాని బాధను నోరు విప్పి చెప్పకపోవడమే సబర్ అని ఎవరు చెప్పారు? హజ్రత్ అబూ దర్దా పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడుపుతుంటే, నీ ప్రభువుకే గాక నీ ప్రాణానికి, నీ ఇంటివారికి కూడా నీ మీద హక్కున్నదని హజ్రత్ సల్మాన్ చెప్పారు. ఆ మాట నిజమని ప్రవక్త (స.అ.స.) వారే అన్నారు. వెయ్యేళ్ల క్రిందట బల్ఖ్ ప్రాంతపు పండితుడు అబూ జైద్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఒక వైద్య గ్రంథమే రాశారు. అవసరానికి మందులు ఇంట్లో దాచుకున్నట్లే, మనసు కలత చెందినప్పుడు పనికివచ్చే ఆలోచనలను ఆరోగ్యంగా ఉన్నప్పుడే సిద్ధం చేసుకోమన్నారాయన. మానసిక వైద్యం పరాయి దేశాల సరుకు అనేవారికి ఈ సంగతి చెప్పాలి.

ఇంకొక అడ్డంకి పేరు పోతుందన్న భయం. "పిచ్చి డాక్టరు దగ్గరకు పోయాడట" అని తెలిస్తే చెల్లెలికి సంబంధం రాదని దాస్తారు. ఇది మన వీధుల జబ్బే కాదు. అమెరికాలో లోర్నా బ్రీన్ అనే డాక్టరు న్యూయార్క్‌లో కరోనా రోగులకు చికిత్స చేస్తూ క్రుంగిపోయి, 2020 ఏప్రిల్‌లో ప్రాణం తీసుకొన్నారు. మానసిక చికిత్స పొందితే ఉద్యోగానికి ముప్పు వస్తుందని అక్కడి డాక్టర్లకు కూడా భయమేనట. వైద్య సిబ్బంది మనసును కాపాడడానికి 2022 మార్చిలో ఆమె పేరనే అక్కడ చట్టం వచ్చింది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచమని కోరే హక్కు రోగికి ఉన్నది. ఈ సంగతి మన ఇళ్లలో ఎందరికి తెలుసు?

ఇక పని మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో సేవకుడు తన్ను తాను, తోటివారిని చూసుకోవడం గురించి ఒక అధ్యాయమే ఉన్నది. దానిలోనిది కొంత, మా అనుభవం కొంత కలిపి చెబుతున్నాము. ఎవ్వరినీ ఒంటరిగా పంపవద్దు, ఇద్దరిద్దరుగా పంపాలి. వరుసగా ఇన్ని దినాలు చేసినవారు ఇన్ని దినాలు మానాలని ముందే రాసిపెట్టుకోవాలి. ఆపద వచ్చాక ఈ లెక్క ఎవరికీ గుర్తుండదు. ఇంటికి వచ్చినవారిని "ఏం చూశావు, చెప్పు, చెప్పు" అని పీడించవద్దు. బలవంతాన చెప్పించడం మేలు చేయదని నిపుణుల మాట. చెప్పదలచినప్పుడు వినే మనిషి ఉంటే చాలు.

వినేవారికీ వినేవారు కావాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేస్తే డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడవచ్చు, పగలూ రాత్రీ పలుకుతారు. నేరుగా చూపించుకోవాలంటే గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. అయితే రేపల్లె నుండి గుంటూరు పోయి రావాలంటే ఒక దినం కూలి పోతుంది. ఆ కూలి, దారి ఖర్చులు సంఘం భరించాలని, పేర్లు లెక్కల పుస్తకంలో రాయకుండా మొత్తం మాత్రం రాయాలని మేము ప్రతిపాదిస్తున్నాము.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వచ్చేది ఎప్పుడో అల్లాకే ఎరుక. కనుక తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్లలోనూ జనాజా, సహాయ పనులు చేసేవారి జాబితా ఇప్పుడే తయారు కావాలి. ఆ నలుగురి పేర్లే మళ్లీ రాయకండి. ఊరికి కనీసం పన్నెండు మంది కావాలి, స్త్రీల జనాజాకు స్త్రీలు వేరే కావాలి. పేరు ఇవ్వదలచినవారు సభ అయిన తరువాత కార్యదర్శిగారి బల్ల దగ్గరకు రండి. కాగితం, కలం అక్కడ పెట్టించాము.