మోకాలి లోతు నీళ్లలో మీ పాదాలు కనపడుతున్నాయా?

తడ, సూళ్లూరుపేట చుట్టుపక్కల యానాది కాలనీల నుంచి వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మనతో నడుస్తున్న మిత్రులూ, ఈరోజు ఇళ్ల పట్టాల గురించి కాదు, నీళ్ల గురించి మాట్లాడదామని వచ్చాను.

భీములవారిపాలెం రేవు మీకు కొత్త కాదు. సెలవు రోజు వస్తే కార్లు, పడవ షికారు, ఫొటోలు. వచ్చినోళ్లు లైఫ్ జాకెట్ వేసుకుని, కాసేపు పులికాట్ చూసి వెళ్లిపోతారు. మరి మనోళ్లు? పడవా వలా లేని మన ఆడోళ్లు నీళ్లలో వంగి, బురద తడిమి చేత్తో రొయ్యలు పడతారు. పూటంతా ఒళ్లు నీళ్లలోనే. చేతుల మీద గాట్లు, మూతి దాకా చిమ్మే నీళ్లు. ఆ నీళ్లలో విషం పుడితే ముందు ఎవరికి తగులుతుంది?

పాచి అంతా చెడ్డది కాదు. రొయ్యపిల్లకి అది తిండి. అందరూ చూడ్డానికి వచ్చే ఫ్లెమింగోల గులాబీ రంగు కూడా పాచిలోంచీ, దాన్ని తినే పురుగుల్లోంచీ వచ్చిందే. పొలాల ఎరువు, ఊళ్ల మురుగు, రొయ్యల గుంటల నీళ్లు చేరి, నీళ్లు కదలకుండా వేడెక్కినప్పుడే తంటా. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడితే సముద్రం నీళ్లు వచ్చిపోవడం తగ్గుతుంది. అది కూడా ఇందులో భాగమే.

సయానోబాక్టీరియా అనే నీలి ఆకుపచ్చ పాచిలో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషం చేస్తాయి. ఇవి ఎక్కువగా మన చెరువుల్లో, కాళంగి వరద కలిసి ఉప్పు తగ్గిన చోట పెరిగేవి. కాచితే ఆ విషం పోదు. ఉప్పునీళ్లలో వేరే రకాలున్నాయి, వాటి విషం గుల్లల మాంసంలో పేరుకుంటుంది. 1997లో కేరళలో విళింజం దగ్గర ఆల్చిప్పలు తిని ఏడుగురు చనిపోయారు, 500 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. వండినా అంతే, పోదు.

స్నానపు నీళ్లకి కేంద్రం 2000లో పెట్టిన ప్రమాణాలు చదివాను. కోలిఫాం 100 మిల్లీలీటర్లకి 2500 దాటకూడదు, ఆక్సిజన్ లీటరుకి 5 మిల్లీగ్రాములు ఉండాలి... ఇట్లా ఉంటాయి. పాచి విషం మాటే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం మైక్రోసిస్టిన్ అనే విషానికి, జనం దిగే నీళ్లలో లీటరుకి 24 మైక్రోగ్రాములని హద్దు పెట్టింది. కొలవనిది కాగితం మీదికి రాదు. కాగితం మీద లేనిదాన్ని ఆఫీసులో లేదనే అంటారు.

అందుకే మనం చూద్దాం. మోకాలి లోతులో నిలబడితే నీళ్ల పచ్చదనానికి మీ పాదాలు కనపడలేదా, బయటికి వచ్చేయండి. ఇది నేను కల్పించింది కాదు, నిపుణులు చెప్పే పరీక్షే. బురద వల్లేమో అంటారా? చేతికి కవరు తొడుక్కుని సీసాలో ముప్పావు వంతు పట్టి, కదపకుండా రాత్రంతా ఉంచండి. బురద అడుక్కి దిగుతుంది. పచ్చదనం తేలి పైన వలయం కడితే అనుమానించాలి. పుల్ల పెట్టి లేపితే జుట్టులా వేలాడేది మామూలు పాచి. పెయింటులా అంటుకుంటే పిల్లల్నీ కుక్కల్నీ దగ్గరికి రానీయొద్దు. ఇవి గుర్తులే, తేల్చేది ల్యాబే. పైగా కొన్ని విషాలు ఏ రంగూ చూపించవు, కాబట్టి నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని ధీమా పడొద్దు. దద్దుర్లో వాంతులో వస్తే డాక్టరుకి "పచ్చనీళ్లలో దిగాను" అని చెప్పండి. అడక్కపోయినా చెప్పండి.

తడ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, పెసా లేదు, 1/70 లేదు అంటారు. నిజమే, లేవు. కానీ పులికాట్‌లో పక్షుల అభయారణ్యం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకీ వర్తిస్తుంది. సెక్షన్ 3(1)(డి) చేపల మీద, నీటి వనరుల మీద సామూహిక హక్కు చెబుతుంది. సెక్షన్ 5 నీటి వనరుల్ని కాపాడే అధికారం గ్రామసభకి ఇస్తుంది. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు పులికాట్‌కి 1000 మీటర్ల లోపు రొయ్యల గుంటలు వద్దని పేరు పెట్టి మరీ చెప్పింది. తర్వాత 2005లో వేరే చట్టం వచ్చింది, ఆ కథ ఇంకో రోజు.

ప్రతి కాలనీకి ఒక నోటుబుక్కు పెడదాం. తేదీ, రేవు పేరు, రంగు, వాసన, చచ్చిన చేపలు, ఫొటో. నెలకోసారి నకలు కలెక్టరుకీ, కాలుష్య నియంత్రణ మండలికీ, మత్స్యశాఖకీ. పరీక్షల ఫలితాలు ఇమ్మని సమాచార హక్కు దరఖాస్తు, జవాబుకి గడువు 30 రోజులు. షికారు రేవులో పెట్టే హెచ్చరిక బోర్డే, మనోళ్లు దిగే రేవులో కూడా తెలుగులో పెట్టమని అడుగుదాం. చదవడం రానోళ్లకి రంగు జెండా చాలు.

నోటుబుక్కులు ఆ బల్ల మీద ఉన్నాయి. రొయ్యలకి దిగే అమ్మల్నీ అక్కల్నీ అడిగి మొదటి పేజీ రాయండి. నీళ్ల రంగు ఏ నెలలో ఎట్లా మారుద్దో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.