మూసీ ఒడ్డు నుంచి మందస దాకా
(పూండిలో జరిగిన రైతు సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీడిపిక్కల ధర గురించి కార్యదర్శి గారు చెప్పాల్సింది చెప్పేశారు. నేను మళ్లీ అదే చెబితే మీకు నిద్ర వస్తుంది. నాకిచ్చిన అరగంటలో వేరే సంగతి చెబుతాను. పోయిన నెల హైదరాబాదులో మేం నడిచిన నడక గురించి.

దానికి ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట మా ఊళ్లో భూముల విషయమై గ్రామసభ పెట్టారు. వచ్చిన అధికారి నన్నే లేపి, "ఈ భూమి మీకెలా వచ్చింది?" అని అడిగాడు. "మా తాతల నాటి నుంచి దున్నుతున్నాం" అన్నాను. "అంటే ఎప్పటి నుంచి? ఏ చట్టం కింద?" అన్నాడు. నోరు పెగల్లేదు. ముప్పై ఏళ్లుగా జెండా మోస్తున్నవాణ్ని, కూర్చుండిపోయాను. వెనకాల నవ్వింది మన కుర్రాళ్లే. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది.

ఇక హైదరాబాదు. సంఘం పని మీద నలుగురం పలాసలో ఫలక్‌నుమా ఎక్కాం. పని ఒక పూటలో అయిపోయింది. మర్నాడు అక్కడి సంఘం పెద్దాయన ఒకరు, డెబ్బై దాటినాయన, "ఊరు చూపిస్తాను రండి" అన్నారు. మేం చార్మినార్ అనుకున్నాం. ఆయన తీసుకెళ్లింది మూసీ ఒడ్డుకి.

హైకోర్టు పక్కన సిటీ కాలేజీ ఉంది. మఖ్దూం మొహియుద్దీన్ అక్కడ ఉర్దూ పాఠాలు చెప్పేవాడు. మెదక్ వైపు ఆందోల్‌లో 1908లో పుట్టిన పేదింటి పిల్లాడు. ఉద్యోగం వదిలేసి పార్టీలోకి, కార్మిక సంఘాల్లోకి వచ్చేశాడు. కవిగా ఎంత పేరో, కార్మిక నాయకుడిగా అంత పేరు. 1947 సెప్టెంబర్ 11న నిజాం మీద ఆయుధం పట్టమని పిలుపు ఇచ్చిన ముగ్గురిలో ఒకడు. మిగతా ఇద్దరు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి. కాలేజీ గేటు దగ్గర నిలబడి పెద్దాయన ఇదంతా చెబుతుంటే పిల్లలు ఫోన్లు చూసుకుంటూ మా పక్క నుంచే లోపలికి పోతున్నారు. వాళ్లని అనడానికేముంది, ఆ వయసులో నేనూ అంతే.

అక్కడి నుంచి కోఠీ. 1857లో తుర్రెబాజ్ ఖాన్ దాడి చేసిన బ్రిటిష్ రెసిడెన్సీని రోడ్డు మీద నుంచే చూశాం. ఆ తర్వాత కాచిగూడ వైపు. 1948 ఆగస్టులో షోయబుల్లా ఖాన్ అనే పత్రికా సంపాదకుణ్ని రాత్రిపూట ఇంటికి పోతుంటే చంపేసింది ఆ ప్రాంతంలోనే. 'ఇమ్రోజ్' ఆయన పత్రిక. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలవాలని రాశాడు. రాసిన చెయ్యి నరికేశారు. ఆయన కమ్యూనిస్టు కాదు. "మరి మన నడకలో ఎందుకు?" అని మాలో ఒకడు అడిగాడు. "ఆ రోజుల్లో ఎవడు ఎటు నిలబడ్డాడో తెలియాలి కదా" అన్నారు పెద్దాయన. నాకది నచ్చింది. చరిత్రంటే మన జెండా ఒక్కటే అనుకుంటే అది సగం చరిత్రే.

మధ్యాహ్నం బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. చల్లగా ఉంది, పుస్తకాలున్నాయి, కాళ్లు చాపుకున్నాం. సుందరయ్య గారిది నెల్లూరు జిల్లా అలగానిపాడు, ఉన్నవాళ్ల కుటుంబం. తన వాటా ఆస్తి పార్టీకిచ్చి సైకిల్ మీద తిరిగినాయన. తెలంగాణ పోరాటం మీద ఆయన రాసిన పుస్తకంలో లెక్క ఉంది: సుమారు మూడు వేల గ్రామాల్లో దొరల పెత్తనం పోయింది, పది లక్షల ఎకరాల దాకా పేదలకు పంచారు, నాలుగు వేల మంది ప్రాణాలు పోయాయి. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య పడిపోయిన దగ్గర నుంచి, 1951 అక్టోబర్‌లో పోరాటం ఆపేసే దాకా. పోలీసు చర్య తర్వాత కూడా ఆయుధం దించకపోవడం తప్పా ఒప్పా అని అప్పుడే వాళ్లలో వాళ్లకు పడలేదు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. పెద్దాయన్ని అడిగితే నవ్వి, "టీ తాగుదాం" అన్నారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. హిమాయత్‌నగర్‌లో మఖ్దూం భవన్ ఉంది, అది ఒక పార్టీది. ఈ విజ్ఞాన కేంద్రం ఇంకో పార్టీ నాయకుడి పేరుది. ఒకదాన్నుంచి ఇంకొకదానికి నడిచి పోవచ్చు. మనం అంత దూరం నుంచి వెళ్లి ఒక్క పూటలో రెండూ చూశాం. ఆ రెండు చోట్ల వాళ్లు కలిసి ఈ దారి పొడవునా నాలుగు బోర్డులు పెట్టించలేరా అని అడగాలనిపించింది. అడిగాను కూడా. పెద్దాయన మళ్లీ నవ్వారు.

సాయంత్రం ముషీరాబాద్. మన ఊరి కుర్రాడొకడు, నాకు మరిది వరస, అక్కడ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. డ్యూటీ దిగి మాతో కలిశాడు. గాంధీ ఆసుపత్రి ముందు ఆగాం. "ఇది తెలిసిందే కదా" అన్నాడు వాడు. వాళ్లావిడకి కిడ్నీ జబ్బు, మన ఉద్దానం జబ్బే. ఆ ఆసుపత్రి ఓపీ లైన్లో వాడు నిలబడని నెల లేదు. పెద్దాయన చెప్పారు: "ఇక్కడే ముషీరాబాద్ జైలు ఉండేది. నిజాం కాలంలోనూ, ఆ తర్వాత మన ప్రభుత్వాల కాలంలోనూ కమ్యూనిస్టుల్ని ఇందులో పెట్టారు. జైలు తీసేసి ఆసుపత్రి కట్టారు, 2003లో ఇక్కడికి మార్చారు."

ఆ జైళ్ల కాలంలోనే తెలంగాణ రైతు బిడ్డలు పన్నెండు మందికి ఉరిశిక్ష పడింది. నల్లా నర్సింహులు అందులో ఒకరు. వాళ్ల తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చాడు. దేశం లోపలా బయటా గొడవ చేస్తే చివరికి ఉరి తప్పింది. అదే రోజుల్లో 1952 ఎన్నికలొచ్చాయి. పార్టీ పేరు మీద నిషేధం ఉందని పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడి, రావి నారాయణరెడ్డి నల్గొండలో నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు.

మేం వెతికినంత మేర జైలు గుర్తుగా ఒక్క పలక కనపడలేదు. జైలు పోయి ఆసుపత్రి రావడం మంచిదే, నేను కాదనను. కానీ మా మరిది గోడకి ఆనుకుని నిలబడి, "పదకొండేళ్ల నుంచి ఈ దారినే ఎల్తన్నాను బావా, ఎవులూ సెప్పలేదు" అన్నాడు. తర్వాత కాసేపటికి, "మరి మన మందసలో కూడా ఇలాగే ఏదో అయ్యిందంట కదా, మా తాత సెప్పేవోడు. ఏటది?" అన్నాడు.

నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు గ్రామసభ గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను, పెద్దల్ని అడిగాను. ఇప్పుడు చెబుతున్నది ఆ రోజు ఆ అధికారికి చెప్పాల్సింది.

రాజధానికి నడక మనకి కొత్త కాదు. 1937-38లో రైతు రక్షణ యాత్ర మన ఇచ్ఛాపురంలో బయల్దేరింది. అప్పటి రాజధాని మద్రాసు. 130 రోజులు, 1500 మైళ్లు, ఊరూరా సభలు, వెయ్యికి పైగా అర్జీలు. 1938 మార్చి 27న మద్రాసు చేరి అర్జీలు ఇచ్చారు. ఆ ఏడాదే ప్రకాశం పంతులు గారి కమిటీ, జమీందారీల్లో భూమికి హక్కుదారు రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని తేల్చింది. మంత్రివర్గం 1939లో దిగిపోవడంతో అది అక్కడే ఆగింది.

ఆగింది కాగితం మీదే. 1940 మార్చి చివర్లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ మన పలాసలో జరిగింది. ఢిల్లీలో కాదు, మద్రాసులో కాదు, పలాసలో! ఆ మహాసభకి అధ్యక్షుడిగా ఎన్నుకున్నది రాహుల్ సాంకృత్యాయన్‌ని. వారం తిరక్కుండానే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగాయి. గొడవ దేని మీద? అడవి మీద. ఇంటి వాసానికీ, నాగలికీ, పొయ్యిలోకీ కలప కొట్టుకునే హక్కు మాదని రైతులు, కాదని జమీందారు. అరెస్టు చేసిన రైతుల్ని తీసుకుపోతుంటే ఊరు అడ్డం తిరిగింది. ముందు నిలబడింది సాసుమాన గున్నమ్మ. నిండు చూలాలు. గున్నమ్మతో కలిపి ఐదుగురు చచ్చిపోయారు. మనం వీరగున్నమ్మ అని పిలుచుకునేది ఆవిడనే.

1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. జమీందారీలు పోయి రైతువారీ వచ్చింది. "ఏ చట్టం కింద?" అన్నాడు కదా, ఇదీ జవాబు. ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు.

ఆ తర్వాత కథ మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. 1967 అక్టోబర్ 31న లేవిడిలో కోరన్న, మంగన్నల్ని కాల్చేశారు. బొడ్డపాడు గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి ఆ గుడి వదిలి కొండలెక్కాడు, తిరిగి రాలేదు. ఆ దారి గురించి మన సంఘంలో రెండు అభిప్రాయాలున్నాయి. ఉండనివ్వండి. 2010 జూలైలో సోంపేట, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి, థర్మల్ ప్లాంట్లు వద్దన్నందుకు కాల్పులు. అవి మీ కళ్లెదుట జరిగినవే. ఇప్పుడు విమానాశ్రయం మాట. రేపు ఇంకేదో. ప్రతిసారీ మొదటి ప్రశ్న అదే: మీకెలా వచ్చింది ఈ భూమి?

మద్రాసు పోయింది, కర్నూలు వచ్చింది, హైదరాబాదు వచ్చింది, 2024 జూన్ 2తో హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా కూడా పోయింది. రాజధానులు ఎన్ని మారినా మన కుర్రాళ్ల రైలు మాత్రం సికింద్రాబాదుకే. వాళ్లకి అక్కడ ఆ పెద్దాయన లాంటి మనిషి దొరికితే మంచిదే. కానీ మందస కోట గోడ పక్కన నిలబెట్టి చెప్పాల్సింది మనమే.

అందుకని కమిటీలో ఒక నిర్ణయం చేశాం. వచ్చే ఏప్రిల్ 1న నడక. పలాసలో మొదలు, మందస కోట, అక్కడి నుంచి గుడారి రాజమణిపురం. మొత్తం నడవలేనివాళ్లకి ఆటో పెడతాం. ఒక్కో చోట ఒక్కొక్కరు పది నిమిషాలు మాట్లాడాలి. మైకు ఉండదు, నాయకులకి కుర్చీలూ ఉండవు. గున్నమ్మ ఊళ్లో మాట్లాడేది ఆ ఊరి ఆడవాళ్లే, మనం వింటాం. ఇళ్లల్లో పాత పట్టాలు, శిస్తు రసీదులు, జమీందారీ నాటి కాగితాలు ఉన్నవాళ్లు చెదపురుగు తినకముందే జిరాక్సులు తీసి పట్టుకురండి. అసలు కాగితాలు తేవద్దు, ఇంట్లోనే ఉంచండి.

పిక్కలేరే రోజులని నాకు తెలుసు. అందుకే తెల్లారి ఐదింటికే బయల్దేరదాం. హైదరాబాదు నుంచి మా మరిది సెలవు పెట్టుకుని వస్తానన్నాడు. పేర్లు ఈ రోజే ఇచ్చెయ్యండి. పిల్లల్ని తీసుకురండి. నీళ్ల సీసాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.