పది రూపాయల వడ్డీ ఎక్కడ దాక్కునింది?

(పాకాల మండలంలోని ఒక దళితవాడలో, అంబేద్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



దండలు వేసినాం, పాటలు పాడినాం. ఇంక లెక్కలు మాట్లాడుకుందాం. బాబాసాహెబ్ 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం రాసిన ఆర్థికవేత్త. ఆయన జయంతి రోజు అప్పుల గురించి మాట్లాడితే ఆయనేమీ కోపం చేసుకోడు.

పోయిన వారం ఒక అక్కను అడిగినా, "పదివేలు తీసుకున్నావు గదా, వడ్డీ ఎంత?" అని. "పదివేలకు పదహైనూర్లే సార్" అనింది. రోజు కంతు అప్పు అది. పదహైనూర్లు ముందే పట్టుకుని 8,500 చేతిలో పెడతారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టాల. వినేదానికి నూటికి పదహైదే. కానీ ఆ 8,500 నూరు రోజులూ ఆమె దగ్గర ఉండిందా? మర్నాటి నుంచే తరుగుతా వచ్చింది. సగటున ఆమె వాడుకున్నది నాలుగువేల చిల్లర. దానికి మూడు నెలల పది రోజులకు 1,500 వడ్డీ! అంటే నెలకు నూటికి దాదాపు పది రూపాయలు. ఏడాదికి నూటికి నూట ఇరవై. మూడు రూపాయల వడ్డీ అంటే "అమ్మో" అనే మనం, పది రూపాయల వడ్డీని దండం పెట్టి మరీ కడతాండాం.

మా నాయన కూడా లెక్క అడగలేదు. మా అవ్వ చావు ఖర్చుకని 1,200 తీసుకుని, దానికి బదులు ఒక ఇంట్లో జీతం ఉండినాడు. నేను ఆరో తరగతిలో ఉండంగా ఆ పత్రం చదివి చూస్తే, ఐదేండ్లు పని చేసినాక కూడా బాకీ 1,900 అని ఉండాది. కింద నాయన వేలిముద్ర. ఇట్లాంటి వెట్టి బాకీలు చెల్లవని 1976లోనే చట్టం వచ్చింది. మా వాడకు ఆ మాట చెప్పినోడు లేడు. నేను బడిపంతులు అయింది ఆ కాయితం వల్లే అనుకుంటా.

మనోళ్లు దుబారా చేసి అప్పులపాలైతారని కొందరు పెద్దమనుషులు నీతులు చెప్తారు. ఈ వాడలో అప్పులు ఎందుకు చేసినారో అడగండి. ఆసుపత్రి, పెళ్లి, చావు, పిల్లోళ్ల ఫీజు. సారాయి కూడా ఉండాది, దాచేదేముంది? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారాయి మీద తిరగబడినారు. ఆ జిల్లాలోనే ఆడోళ్లు రోజుకు రూపాయి లెక్కన పొదుపు చేసినారు. కూలి డబ్బు చేతిలో పడిన రోజే పక్కన పెట్టల్ల. శనివారం దాకా ఆగితే మిగలదు.

పొదుపు సంఘంలో ఉన్న అక్కలు వినండి. మీ పొదుపు నుంచి ఒకామెకు రూపాయిన్నర వడ్డీకి ఇస్తే, ఆ వడ్డీ మీ సంఘానికే వస్తుంది, వడ్డీ వ్యాపారి ఇంటికి పోదు. సంఘానికి పది లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు ఇయ్యాలని రిజర్వు బ్యాంకు నిబంధన. మేనేజరు షూరిటీ అడిగితే ఆ నిబంధన చూపించమనండి. మంజూరైన డబ్బును సమానంగా పంచేసుకోవద్దు. ముందు ఎవరి మెడ మీద రోజు కంతు ఉండాదో ఆమెకు ఇయ్యండి. పది రూపాయల అప్పును రూపాయి అప్పుతో తీర్చేస్తే, మిగిలిన తొమ్మిది రూపాయలే ఆమె పొదుపు.

సూక్ష్మరుణ కంపెనీల వాళ్లు "సంవత్సరానికి పన్నెండే" అంటే, అది మొదటి అసలు మీద లెక్కా, మిగిలిన అసలు మీద లెక్కా అని అడగండి. నెలనెలా కంతు కడతా ఉన్నా మొదటి అసలు మీదే వడ్డీ వేస్తే పన్నెండు ఇరవై దాటుతుంది. ముందుగా తీర్చేస్తే జరిమానా వేసేదానికి లేదు. తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు దాటినాక వసూలుకని ఫోన్ చేయకూడదు. ఇవి 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనలు. అప్పుడు మనకెవురూ చెప్పలేదు, ఇప్పుడు నేను చెప్తాండా.

చీటీల మాట ఒక్కటే. రిజిస్టరు కాని చీటీలో పాడుకునే ముందు, కట్టినోళ్లను ముంచి ఊరు విడిచిన చీటీల వాళ్లను గుర్తు తెచ్చుకోండి.

వచ్చే ఆదివారం పొద్దున పదికి బడి వరండాలో కూచుంటా. మీ దగ్గరుండే నోట్లు, కంతు కార్డులు, బ్యాంకు బుక్కులు అన్నీ తీసుకురండి. చదువురానోళ్లు సిగ్గుపడొద్దు. మా నాయన కాయితం కూడా తెస్తా, ముందు దాని లెక్కే కడదాం.