గ్రామఫోను పెట్టెలు – నా విశ్రాంత జీవితం

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా వనపర్తిలో జరిగిన సభలో ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో సాధారణంగా డి.ఏ. బకాయిలు, వైద్య బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు వీటి గురించే మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోక తప్పదు. అయితే ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీ ఇంట్లో ఏవో పాత పెట్టెలున్నాయట గదా, వాటి గురించి ఓ పావుగంట చెప్పండి" అని కోరినారు. పాత పెట్టెల గురించి పాత ఉద్యోగి మాట్లాడడం సబబే అనుకొని ఒప్పుకున్నాను.

నేను 1973లో విద్యుత్ శాఖలో చేరి 2008లో పదవీ విరమణ చేసినాను. అప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు లేవు. 2016 అక్టోబరు దాకా మనమందరం ఒక్క మహబూబ్‌నగర్ జిల్లావాళ్ళమే. ఇటు అచ్చంపేట నుండి అటు అయిజ దాకా ఎన్నో ఊళ్ళల్లో స్తంభాలు పాతించి, తీగలు లాగించి, మొదటి బల్బు వెలిగిన రాత్రి ఆ ఊరివాళ్ళతో కలిసి చప్పట్లు కొట్టిన వాణ్ణి. కరెంటుతో పని లేని యంత్రాలను ఇప్పుడు ఏరుకొని తెచ్చి తుడుస్తున్నాను. మా ఆవిడ, "ఊరూరికీ కరెంటు ఇచ్చి పాట పెట్టెల్ని అటకెక్కించింది మీరే, దించుతున్నదీ మీరే" అంటుంది. ఇందులో కొంత నిజమున్నది. ముందు ట్రాన్సిస్టర్ రేడియో వచ్చింది, వెనుక కరెంటు వచ్చింది. ఆ రెండింటి మధ్య కీ ఇచ్చే గ్రామఫోను నలిగిపోయింది.

నేను మొదట దాన్ని చూసింది ఎనిమిదేళ్ళ వయసులో, మా మేనమామ ఇంట్లో. నల్లటి పెట్టె, మూత లోపల కుక్క బొమ్మ. మామ కీ తిప్పుతుంటే అందరం గుండ్రంగా కూర్చునేవాళ్ళం. రికార్డును మేము 'ప్లేటు' అనేవాళ్ళం. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి మహానటుల గొంతులు మా వంటి కుగ్రామాలకు చేరింది ఆ ప్లేట్ల మీదనే. ఘంటసాలగారి 'పుష్పవిలాపం' మొదట విన్నది కూడా అట్లాగే. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలు కవిపండితులను పోషించినవని చదువుకున్నాం. ఆ సభలకు మా తాతలకు ప్రవేశం లేదు. మా ఇళ్ళకు మాత్రం ఈ పెట్టె వచ్చింది.

కొంచెం చరిత్ర చెప్తాను. ఎడిసన్ 1877లో కనిపెట్టిన ఫోనోగ్రాఫు గొట్టం మీద పనిచేసేది. బల్లపరుపు ప్లేటును 1887లో తెచ్చినవాడు ఎమిల్ బెర్లినర్. 1902లో గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినాడు. 1908లో కలకత్తా సియాల్దాలో ప్లేట్ల కర్మాగారం పెట్టినారు. ఆ ప్లేటుకు ముఖ్యమైన పదార్థం లక్క. ఆ లక్క ఛోటానాగపూర్ వంటి మన అడవుల నుండే ప్రపంచమంతటికీ పోయేది. నిమిషానికి 78 చుట్లు, పది అంగుళాల ప్లేటు ఒక పక్కకు సుమారు మూడు నిమిషాలు. మన పాత పాటలు మూడు నిమిషాలలో ముగియడానికి ఇదొక కారణం.

మొదట బల్ల మీద పెట్టి, పైన పెద్ద బాకా తగిలించే యంత్రాలు వచ్చినవి. అవి కదిలేవి కావు. చేతపట్టుకొని పోయే పెట్టెల్లో పేరు తెచ్చుకున్నది 1914 నాటి డెక్కా. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు కందకాల్లోకి తీసుకుపోయినారు. అందులో బాకా లేదు. మూతలో గిన్నెలాంటి లోహపు పళ్ళెం ఉంటుంది, ధ్వని దానికి తగిలి బయటికి వస్తుంది. ఆ తరువాత 1925లో హిజ్ మాస్టర్స్ వాయిస్ వారి 101 వచ్చింది. ఇందులో బాకా పెట్టె లోపలే ఒదిగి ఉంటుంది. ఇక్కడ ఒక గుర్తు చెప్తాను, రాసుకోండి. 101లో తొలి పెట్టెలకు కీ ముందు వైపు పెట్టి తిప్పాలి. తరువాతి వాటికి కుడి పక్కన. కీ రంధ్రం ముందున్నదంటే అది పాతదన్నమాట.

1931లో వచ్చిన 102 నంబరు పెట్టె 1950ల చివరి దాకా తయారైంది. మన ప్రాంతంలో దొరికేవి ఎక్కువ ఇవే. పైకి చూస్తే 101, 102 అన్నదమ్ముల్లా ఉంటాయి. బాకా అమరిక, పాట అయిపోగానే ప్లేటును ఆపే బ్రేకు, సౌండ్ బాక్సు వీటిని చూసి తేడా పట్టాలి. 101కి నాలుగో నంబరు సౌండ్ బాక్సు ఉంటుంది. 102కి మొదట పదహారో నంబరు, తరువాత 5ఏ, 5బి వచ్చినవి. నాలుగో నంబరులో అభ్రకపు బిళ్ళ ఉంటుంది, తరువాతి వాటిలో అల్యూమినియం. నలుపే కాదు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ గుడ్డ అంటించిన పెట్టెలు కూడా వచ్చినవి. అవి అరుదు. కొలంబియా పెట్టెల తీరు వేరు. ఆ కంపెనీ, హెచ్.ఎమ్.వి. 1931లో ఒకటైపోయినవి, కాబట్టి అంతకు ముందువాటిలోనే ఆ తేడా బాగా తెలుస్తుంది. స్విట్జర్లాండులో గుండ్రటి డబ్బాలో పట్టే మికీఫోన్, కెమెరా పెట్టెలాగా మడిచే యంత్రాలు కూడా చేసినారు. అవి నేను బొమ్మల్లోనే చూసినాను.

నా దగ్గర తొమ్మిది పెట్టెలున్నవి. 102లు నాలుగు, 101లు రెండు, కొలంబియా ఒకటి, డెక్కా ఒకటి, పేరు చెరిగిపోయిన స్విస్ మోటారుది ఒకటి. అన్నీ పాడతాయి. లోపలి పని మనబోటి వాళ్ళకు కష్టం కాదు. స్ప్రింగు తిప్పుతుంది, మూడు చిన్న బరువులున్న గవర్నరు వేగాన్ని అదుపులో పెడుతుంది. గ్రీజు గట్టిపడితే కిరోసిన్‌తో కడిగి కొత్తది పెట్టాలి. సౌండ్ బాక్సులో రబ్బరు ఎండిపోతే సైకిలు వాల్వు ట్యూబు ముక్క సరిపోతుంది. స్ప్రింగు డబ్బాను మాత్రం తెలియకుండా విప్పవద్దు, చెయ్యి కోస్తుంది. ఉక్కు సూది ఒక పక్కకు ఒకటే వాడాలి. పొదుపు చేస్తే ప్లేటు అరుగుతుంది. సూది చవకది, గొంతు పోతే తిరిగి రాదు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. ఇత్తడి బాకా, చెక్క డబ్బా, కుక్క బొమ్మ పెట్టి 'తాతల నాటి గ్రామఫోను' అని పట్నాల్లో అమ్ముతున్నారు. వీటిలో చాలా భాగం కొత్త సరుకే. గ్రాట్యుటీ డబ్బులతో కొని మోసపోకండి. డబ్బు పోవడం ఒక్కటే కాదు. ఆ నకిలీ డబ్బాలో పెట్టడానికి మోటారు కావాలి గదా! పాత నల్ల పెట్టెను విప్పి మోటారు తీసి, పెట్టెను పారేస్తారు. అంటే ఒక నకిలీ బాకా కొంటే ఒక నిజమైన పెట్టె చచ్చినట్టు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. ఇది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినాను.

2012లో అయిజ వైపు ఒక ఊరిలో ఒక ముసలామె దగ్గర 101 పెట్టె ఉన్నదని తెలిసి పోయినాను. ఆమె భర్త నాటకాలకు హార్మోనియం వాయించేవాడట. పెట్టె తిరగదు, దాంట్లో ఒకే ఒక ప్లేటు. ఎనిమిది వందలకు ఇచ్చింది. దాని విలువ అంతకు ఎన్నో రెట్లని నాకు తెలుసు, ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. లేచి వస్తుంటే ఒక్క మాట అడిగింది. "సారూ, బాగైతే ఒక్కపారి తెచ్చి ఇనిపియ్యి. ఆయన పోయినంక ఇనలే." సరేనమ్మా అన్నాను.

ఇంటికి తెచ్చి విప్పితే స్ప్రింగు విరిగి ఉన్నది. హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో వెదికినాను, దొరకలేదు. నా దగ్గర ఉన్న రెండో 101లో మంచి స్ప్రింగు ఉన్నది. అది తీసి ఇందులో వేస్తే ఒక్క పూట పని. కాని బాగున్న యంత్రాన్ని కదిలించడానికి మనసొప్పలేదు. కొత్తది దొరికినాక చూద్దాంలే అనుకున్నాను. నాలుగు నెలలు గడిచినవి. స్ప్రింగు దొరికి, పెట్టె బాగుచేసి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని ఆ ఊరికి పోయినాను. ఇంటికి తాళం వేసి ఉన్నది. ముసలామె పోయి నెల రోజులైందని పక్కింటివాళ్ళు చెప్పినారు. వాళ్ళ అరుగు మీదనే కూర్చొని ఆ ప్లేటు వేసినాను. విన్నవాళ్ళు విన్నారు. వినవలసిన మనిషి లేదు.

ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో మనమందరం ఎన్నో ఫైళ్ళ మీద 'పరిశీలించి చెప్పగలం' అని రాసినవాళ్ళమే. ఆ రోజు ఆ మాట నాకు గుర్తొచ్చింది.

అప్పటి నుండి ఒక నియమం పెట్టుకున్నాను. ఎక్కడికి పోయినా చిన్న సంచిలో పనిముట్లు, సూదులు, ఒక స్ప్రింగు తీసుకుపోతాను. పెట్టెను ఆ ఇంట్లోనే బాగుచేసి, ఆ ఇంటివాళ్ళకు వినిపించి, అసలు విలువ చెప్పి, ఆ తరువాతనే బేరం మాట్లాడుతాను. దీనివల్ల నష్టం లేదా అంటే ఉన్నది. పోయిన ఏడు నాగర్‌కర్నూలు దగ్గర ఒక ఇంట్లో 102 పెట్టెను మధ్యాహ్నమంతా కూర్చొని బాగుచేసినాను. పాట మొదలు కాగానే లోపలి గదిలో మంచాన ఉన్న పెద్దాయన లేచి, గోడ పట్టుకొని బయటికి వచ్చినాడు. ప్లేటు రెండు పక్కలా విన్నాడు. కొడుకు నా వంక చూసి, "సారూ, ఏమనుకోకండి, ఇది అమ్మం" అన్నాడు. సూదుల డబ్బా అక్కడే ఇచ్చి, ఉత్త చేతులతో వచ్చినాను. నేను బాగుచేసిన పెట్టెల్లో అన్నిటికన్నా నాకు తృప్తినిచ్చింది అదే.

సంఘానికి నా మనవి రెండు మాటలు. మీ ఇళ్ళల్లో, మీ ఊళ్ళల్లో అటకల మీద ఇటువంటి పెట్టెలుంటే పాత సామాన్లవాడికి వెయ్యకండి. నాకు అమ్మనక్కరలేదు, కబురు చెయ్యండి. వచ్చి బాగుచేసి మీ ఇంట్లోనే పెట్టిపోతాను. బస్సు ఛార్జీ నాదే. రెండవది, నా తొమ్మిది పెట్టెలు నా తరువాత ఏమవుతాయన్నది. పిల్లలిద్దరూ దూరాన ఉన్నారు. వాళ్ళకు వీటిని మొయ్యడం భారం. సంఘ భవనంలో ఒక బీరువా, నెలకొకసారి కీ ఇచ్చే మనిషి ఉంటే అన్నీ ఇచ్చేస్తాను. బీరువా నేను కొనిస్తాను. మనిషిని మీరు చూడాలి. స్ప్రింగు మార్చడం నేర్పడానికి నాకు ఇంకా చేతుల్లో బలమున్నది. ఆలస్యం మాత్రం చెయ్యవద్దు. ఎందుకో ఇందాక చెప్పినాను.

ఈ రోజు అయిజ వైపు నుండి తెచ్చిన ఆ 101నే వెంట తెచ్చినాను. ఆమె ఇచ్చిన ప్లేటే వేస్తాను. మూడు నిమిషాలు ఓపిక పట్టండి. గరగరమంటుంది, తప్పుపట్టకండి.