వేడంతాంగల్ చెరువుగట్టున ఒక పాఠము
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



వసంతము వచ్చుచున్నది; దాని వెంటనే పరీక్షలును వచ్చుచున్నవి. ఇట్టి సమయమున పిల్లలను పక్షులను చూపుటకు కొనిపోవుట కాలహరణము కాదా యని మీలో కొందరు అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానము విన్నవించెదను.

చెన్నపట్టణమునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున, చెంగల్పట్టు జిల్లాలో, వేడంతాంగల్ పక్షి సంరక్షణ కేంద్రము కలదు. ఆ చెరువు విస్తీర్ణము 30 హెక్టార్లు మాత్రమే. ఈశాన్య ఋతుపవనముచే చెరువు నిండినంతనే నీట నిలిచిన చెట్లపై వేలకొలది పక్షులు గూళ్ళు కట్టును. చుట్టును నీరుండుటచే పిల్లి, నక్క వంటివి గూటిని చేరజాలవు. ఫాల్గుణము నాటికి పిల్లలు రెక్కలల్లార్చి ఎగుర నేర్చును. వానలు కురియని యేట పక్షులు అంతగా రావు. వానకును చెరువునకును గూటికిని గల సంబంధమును ఇంత స్పష్టముగా చెప్పు పాఠ్యపుస్తకము వేరొండు లేదు.

ఈ పక్షులను మొదట కాపాడినవారు గ్రామస్థులే. పక్షుల రెట్ట కలిసిన నీరు తమ పొలములకు ఎరువగునని వారెరుగుదురు. 18వ శతాబ్ది చివర సైనికులు తుపాకులతో వేటాడగా, వారు కలెక్టరునకు మొరపెట్టుకొని వేటను మాన్పించు పత్రమును సంపాదించిరి. 2022లో ఈ చెరువు రాంసర్ ఒడంబడిక జాబితాలో చేరినది. పామర జనుల పట్టుదల ఎంతటిదో పిల్లలు అచ్చట నేర్తురు.

మరియొక సంగతి. మన పిల్లలకు తెలుగు ఇంటిలోను, తరగతిలోను మాత్రమే వినబడును. పక్షి యేదైనను వారికి "కొంగ"యే. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నీటికాకి యను పేర్లు కంటితో చూచుచు పలికినప్పుడే నిలుచును. తెడ్డువంటి ముక్కుతో నీటిని కలచు పక్షిని చూచిన బాలుడు తెడ్డుమూతి కొంగ యను పేరును మరచునా? కొంగను తమిళమున నారై యందురు. ఆ మాటయు నేర్చుకొనుట మనకు లాభమే.

మేము కోరునది ఒక్క దినము. పిల్లలకు ముదురు రంగు దుస్తులు తొడిగి, మంచినీరు, నోటుపుస్తకము ఇచ్చి పంపుడు. కేకలు వేయరాదని, రాళ్ళు రువ్వరాదని ముందుగా చెప్పుడు. సాయంకాలము వారు ఇల్లు చేరిన పిమ్మట మార్కుల మాట ఎత్తక, ఏమేమి చూచితిరని తెలుగున అడుగుడు. ఓపికతో వినుడు. ఆ పాఠములో సగము మీ చేతిలోనే యున్నది.