సూదిబెజ్జపు ఛాయాగ్రహణము

కెమేరాకు కటకమే ప్రాణమని మనకొక నమ్మకము. అట్టి కటకమును ఊడదీసి, దాని తావున శీతల పానీయపు డబ్బానుండి కత్తిరించిన రేకుముక్కను బిగించినచో బొమ్మ పడునా? పడును. హంపీ విరూపాక్షాలయమున గోపురపు బొమ్మ తలక్రిందులుగా గోడపై పడుట శ్రోతలలో పలువురు చూచియే యుందురు. అచ్చట కటకము లేదు. ఉన్నది చిన్న రంధ్రము మాత్రమే.

కటకము లేనప్పుడు డిజిటల్ కెమేరా నోటికి బిగించు ప్లాస్టిక్ మూత యొకటి యుండును. దాని నడుమ బరమాతో 6 మిల్లీమీటర్ల తొలి వేయవలెను. ఈ పని కెమేరాకు దూరముగా చేసి, మూతను కడిగి ఆరబెట్టుట మంచిది. రేకును అట్టపై నుంచి సూదిమొనతో మెల్లగా నొక్కి, వెనుకవైపు లేచిన బొడిపెను గరుకుకాగితముతో అరగదీసి, నల్లని టేపుతో మూతకు లోపలివైపున అంటింపవలెను. సూదిని పూర్తిగా దిగనీయరాదు. రేడియోలో చెప్పుటకంటె ఇది చేసి చూపుటయే సులువు.

రంధ్రము పెద్దదైనచో బొమ్మ మసకబారును. అట్లయిన ఎంత సన్నగా చేసిన అంత స్పష్టముగా వచ్చునని తోచుట సహజము. కాని రాదు. వెలుతురు తరంగ స్వభావము కలది. త్రోవ మిక్కిలి ఇరుకైనప్పుడు అది రంధ్రము దాటిన పిదప ప్రక్కలకు విస్తరించును. దీనినే వివర్తనమందురు. ఈ రెండు దోషములకు నడుమ మేలైన కొలత ఏదియని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు 1891లో విచారించెను. రేకునకును కెమేరాలోని గ్రాహక ఫలకమునకును నడిమి దూరము 45 మిల్లీమీటర్లైనచో ఆ కొలత సుమారు 0.3 మిల్లీమీటరు. ఇంత చిన్నదానిని కొలుచుటెట్లు? కాగితములను నకలు తీయు స్కానరుపై రేకునుంచి, అంగుళమునకు 1200 చుక్కల చొప్పున బొమ్మ తీసినచో రంధ్రపు వెడల్పు 14 చుక్కలుండవలెను.

నా మాట నమ్మనక్కరలేదు. 0.2, 0.3, 0.5 కొలతలతో మూడు రేకులు చేసి, ఒకే గోడను వానితో తీసి చూడుడు. ఫిల్ము కడిగి అచ్చు వేసికొను దినములలో ఈ పరీక్షకు ఎంతో కాలము పట్టెడిది. నేడు అరగంట చాలును.

కెమేరాను ముక్కాలిపీటపై నిలిపి, ‘ఎం’ గుర్తునకు త్రిప్పవలెను. కొన్ని కెమేరాలలో కటకము లేకున్నను పనిచేయుమని వేరుగా అమర్పవలసి యుండును. మండుటెండలో, ఐఎస్ఓ 100 వద్ద, ఒక సెకను కాలము చాలును. ఇంటిలోపల నిమిషములు పట్టవచ్చును. ఫలకముపై ధూళి యున్నచో ఆకాశమున నల్లచుక్కలుగా కానవచ్చును. అవి రేకులోని లోపములు కావు.

స్పష్టతయే కావలసినవారికి ఈ శ్రమ వలదు. కటకముతో తీసిన బొమ్మయే మేలు. కాని ఇందు దగ్గరి పూలకుండి, దూరపు కొండ ఒకే తీరున కుదురును. మునిమాపువేళ బజారును నాలుగు నిమిషములు తీసినచో నడచువారెల్లరు మాయమై, అరుగుపై కదలక కూర్చున్న ముసలివాడొక్కడే మిగులును.